మీ ఆచూకీ తెలియనందున

హిందూపురం బయట ఒక బట్టల ఫ్యాక్టరీలో నేను హెచ్ఆర్ మేనేజరును. ఈ ఉద్యోగం ఏమిటో ఊళ్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాదు. ధర్మవరంలో మా నాయన ఇప్పటికీ నన్ను చుట్టాలకు పరిచయం చేసేటప్పుడు, "మావోడు ఆడ ఆడోళ్ల సెలవులు రాసుకుంటాంటాడు" అని చెబుతాడు. నలభై ఏళ్లు పట్టుచీరలు నేసిన మనిషి. చేత్తో ఏదీ తయారు చేయని పనిని పని అనడానికి ఆయనకు నోరు రాదు. నాకేమో రోషం. దూరవిద్యలో కార్మిక చట్టాల డిప్లొమా చేశాను. విజిటింగ్ కార్డు మీద ఆ డిప్లొమా నా పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కార్డు అచ్చు వేసినతను, పొరపాటు పడిందేమో, మళ్లీ వేసిస్తానన్నాడు. పొరపాటు కాదు, నేనే అలా వేయించాను.

ఆదివారం ధర్మవరం పోయి సోమవారం పొద్దున రైల్లో హిందూపురం వస్తుంటాను. ఆ పెట్టెలో రోజూ వచ్చేవాళ్లకు నేను లా పాయింటు సారును. కొడుకు పీఎఫ్ ఇరుక్కున్నవాళ్లు, కూతురి కంపెనీ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకున్నవాళ్లు, అల్లుణ్ణి ఉన్నట్టుండి రావద్దన్న యజమాని మీద కోపం ఉన్నవాళ్లు నా పక్కన సీటు పట్టుకునేవాళ్లు. పెనుకొండ వచ్చేలోపల ముగ్గురికి న్యాయం చెప్పేవాణ్ణి. ఏ ప్రశ్న అడిగినా ముందు కిటికీలోంచి బయటికి చూసి, కాసేపు ఆగి, "అది కేసును బట్టి ఉంటుందప్పా" అనాలి. ఆ ఆగడంలోనే ఉంది మర్యాదంతా.

ఇది చాలదన్నట్టు వాట్సాప్‌లో ఒక గ్రూపు. హిందూపురం, పెనుకొండ చుట్టుపక్కల ఫ్యాక్టరీల హెచ్ఆర్ మేనేజర్లందరం ఉన్నాం. ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ణి నోటీసు లేకుండా తీసేయొచ్చా? రాజీనామా ఫోన్లో మెసేజి పెడితే చెల్లుతుందా? పెట్టినవాడు రెండో రోజు వెనక్కి తీసుకుంటానంటే ఒప్పుకోవాలా? కాంట్రాక్టరు తెచ్చిన మనిషికి మన మిషను దగ్గర దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది? ఇట్లా రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నేను ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి జవాబు రాస్తాను. చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చి పడతాయి. గురువుగారూ అంటారు. ఆ మాట కోసం నేను అన్నం ముందు కూర్చుని కూడా టైపు కొట్టిన రోజులున్నాయి.

అంతటి గురువుగారు చేసిన ఘనకార్యం ఇప్పుడు చెప్తాను.

మా ఫ్యాక్టరీలో చొక్కాలు కుడతారు. కుట్టేవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. చుట్టుపక్కల పల్లెల నుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. ఒక్కొక్క వరుస మిషన్లను లైను అంటాం. లైనులో మనుషులకు పేర్లు నిలవవు, చేసే పనే పేరు అవుతుంది. కాజా ఆమె, కఫ్ ఆమె, జేబు ఆమె. నేను చెప్పబోయే మనిషి కాలర్ ఆమె. తొమ్మిదేండ్లుగా కాలరే కుట్టింది. కాలర్ సరిగ్గా రాకపోతే చొక్కా మొత్తం రిజెక్టు, కాబట్టి లైనులో ఆమె మాటకు విలువ ఎక్కువ. సూపర్‌వైజరు పోస్టు ఖాళీ అయితే సర్వీసు ప్రకారం తర్వాతి వంతు ఆమెదే అని అందరికీ తెలుసు. మొగుడి ఇంటివాళ్లకు గొర్రెలున్నాయి. ఎండలు ముదిరితే మేత కోసం మందను తోలుకుని ఇంటిల్లిపాదీ నెలల తరబడి దూరం పోతారు. అందుకని నెలనెలా నిలకడగా ఇంటికి వచ్చేది ఆమె జీతం ఒక్కటే.

పెళ్లయిన ఎనిమిదేండ్లకు ఆమెకు నెల తప్పింది. లైను లైనంతా తమకే కడుపొచ్చినంత సంబరపడ్డారు. ఏడో నెల నిండేటప్పుడు మధ్యాహ్నం అన్నం విరామంలో మిషన్ల మధ్యనే శ్రీమంతం చేశారు. మా పక్క సీమంతాన్ని అట్లాగే అంటారు. కుర్చీకి రిజెక్టు గుడ్డ కప్పి కూర్చోబెట్టారు. గాజులు, పూలు, పసుపు కుంకుమ, ఇళ్లల్లో చేసుకొచ్చిన చిత్రాన్నం, బొబ్బట్లు, అవే మా ఓళిగలు. పెద్దమనిషి ఒకరు అక్షింతలు వేయాలి కదా, అందుకని నా కోసం మనిషిని పంపారు.

పోయాను. అక్షింతలు వేశాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెట్లా అవుతాను? అక్కడే నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. ప్రసూతి సెలవు ఆడవాళ్ల హక్కు అన్నాను. ఇరవై ఆరు వారాలు అన్నాను. ఆ సెలవులో ఉన్న మనిషిని పనిలోంచి తీసే దమ్ము ఏ కంపెనీకీ లేదని ఎడమ చెయ్యి ఊపుతూ చెప్పాను. కుడి చేతిలో ఓళిగ ఉంది. చప్పట్లు కొట్టారు. ఎవరో ఫోటో తీశారు. మూడు ఓళిగలు తిన్నాను. నాలుగోది పొట్లం కట్టించుకున్నాను.

సాయంత్రం బస్సు ఎక్కబోతూ ఆమె నా గది గుమ్మం దాకా వచ్చి, పోయొస్తా సార్ అంది. క్షేమంగా పోయి రామ్మా అన్నాను. చెన్నేకొత్తపల్లి అవతల ఆమె పుట్టిల్లు. తొలి కాన్పు అమ్మగారింట్లోనే కదా, అది ఎవరూ ప్రత్యేకంగా చెప్పాల్సిన పని లేదు. సెలవు కాగితం గురించి సూపర్‌వైజరును అడిగిందట. పెద్ద సారే అచ్చింతలేసి పంపిస్తాంటే ఇంకా పేపరేమిటికి, పో తల్లీ అన్నాడట ఆయన. పెద్దల చేత అక్షింతలు వేయించుకుని, చెప్పి, గడప దిగిన మనిషి మళ్లీ కాగితం మీద పోతున్నానని రాసివ్వడం మా వైపు ఎవరికీ తట్టదు. వాళ్ల లెక్కలో ఆ అక్షింతలే సెలవు మంజూరు.

నా కంప్యూటరుకు అక్షింతలు తెలియవు కదా.

కాగితం లేకుండా పది రోజులు రానివాళ్ల జాబితా అది నెలనెలా తీస్తుంది. జాబితాలో పడ్డవాళ్లకు మూడు నోటీసులు పోవాలి. మూడింటికీ జవాబు రాకపోతే నాలుగో ఉత్తరంతో పేరు కొట్టేయాలి. ఈ పద్ధతి కనిపెట్టింది నేనే. బెంగళూరు హెడ్డాఫీసులో దీన్ని మెచ్చుకుంటే ఆ మెచ్చుకోలు ఈమెయిలును అచ్చు తీసి ఫైల్లో పెట్టుకున్నాను. సోమవారం సోమవారం బొత్తులుగా వచ్చిన ఉత్తరాల మీద సంతకాలు చేసేవాణ్ణి. చదివేవాణ్ణా? నేను రాసిన ఉత్తరాన్ని నేనే చదవాలా అని నాకు గర్వం.

ఆమె అత్తగారింటి అడ్రసుకు మూడు రిజిస్టర్ పోస్టులు పోయాయి. గొర్రెలతో అందరూ పోయిన ఇల్లు, తాళం. మూడూ తిరిగొచ్చాయి. నాలుగోది నా సంతకంతో పోయింది. "ఎటువంటి సమాచారం ఇవ్వకుండా మీరు విధులకు గైర్హాజరైనందునను, మీ ఆచూకీ తెలియనందునను, మీరు స్వచ్ఛందంగా ఉద్యోగం వదులుకున్నట్లు భావించి మీ పేరు రికార్డుల నుండి తొలగించడమైనది." ఆచూకీ తెలియనందున! ఆ సంతకం చేసిన రోజుల్లో కూడా భోజనాల దగ్గర, కాలర్ ఆమెకు కాన్పయిందంట, మగబిడ్డంట అని ఎవరో చెబితే, అయితే మాకు స్వీట్లేవి అని అడిగినవాణ్ణి నేనే. నోటికీ చేతికీ సంబంధం లేకుండా బతకడం కూడా ఒక విద్యే. దానికి డిప్లొమా అక్కర్లేదు.

ఒక సోమవారం పొద్దున గేటు దగ్గర్నుంచి ఫోను. ముఖం చూసి హాజరు వేసే మిషను ఆమె ముఖాన్ని గుర్తు పట్టడం లేదట. పిలిపించాను. కొత్త చీర కట్టుకుని వచ్చింది. బిడ్డను అమ్మ దగ్గర వదిలి, తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిందట. మీరు చెప్పినట్టే ఇరవై ఆరు వారాలు క్యాలెండర్లో గీతలు పెట్టుకుని లెక్క చూసుకుని వచ్చినా సార్ అని నవ్వుతూ చెప్పింది. నెలనెలా జీతం పడకపోతే, తిరిగొచ్చాక అంతా ఒకేసారి ఇస్తారనుకుందట.

కంప్యూటరు తెరిచి చూశాను. పేరు పక్కన ఎర్ర గీత. కింద నా సంతకం.

తప్పు దొరికింది. దిద్దడానికి ఐదు నిమిషాలు చాలు. హెడ్డాఫీసుకు ఒక ఉత్తరం, పొరపాటున నేను తొలగించాను అని ఒక వాక్యం. ఆ 'నేను' దగ్గరే నాకు చెయ్యి ఆడలేదు. ఆ నెలలోనే నా ప్రమోషన్ ఇంటర్వ్యూ. డీజీఎం అని కార్డు మీద ఎక్కడ వేయించాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. నా పద్ధతికి నేనే చిల్లు పడిందని రాసిస్తే ఇంకేం ప్రమోషను?

అందుకని గొంతు సవరించుకుని, నోటీసులు పంపాం, నువ్వు తీసుకోలేదు, రూలు రూలే అని మొదలుపెట్టాను. కానీ నీ మీద అభిమానం ఉంది కాబట్టి కొత్తగా దరఖాస్తు పెట్టుకో, రేపే చేర్చుకుంటా అన్నాను. దానం చేస్తున్న ముఖం పెట్టాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. "కొత్తగానా? నా తొమ్మిదేండ్లు యాడికి పోయినాయి సార్?"

కొత్తగా చేరితే తొమ్మిదేండ్ల సర్వీసు పోతుంది, సూపర్‌వైజరు వంతు పోతుంది, నిన్న చేరిన పిల్లల వెనక నిలబడాలి. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"నేను యాడికి పోయినానో మీకు తెలీదా సార్?" అని అడిగింది.

రాతపూర్వకంగా సమాచారం లేదమ్మా అన్నాను.

కాసేపు నా ముఖం వైపే చూసింది. గట్టిగా అరిచినా బాగుండేది. సరే సార్ అని వెళ్లిపోయింది. రెండు వారాలకు పెనుకొండ కార్మిక శాఖ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. పనిలోంచి అన్యాయంగా తీసేశారని ఆమె అర్జీ. ఫలానా తేదీన మేనేజ్‌మెంటు తరఫున ఫైలుతో సహా హాజరు కావాలి. ఎన్ని వందల మందికి నోటీసులు పంపానో లెక్క లేదు. నా పేరు మీద వచ్చింది చేత్తో పట్టుకుంటే మాత్రం కాగితం బరువుగా అనిపించింది.

హెడ్డాఫీసు లాయరు ఫోన్లో ధైర్యం చెప్పాడు. రాతపూర్వకంగా సమాచారం లేదు అనే ఒక్క మాట పట్టుకోండి, వదలొద్దు, గర్భవతి అని కంపెనీకి తెలుసని ఆమే రుజువు చేసుకోవాలి అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆదివారం ధర్మవరం పోయాను.

మా నాయన ఇప్పుడు నేయడం లేదు. మోకాళ్లు సహకరించక మగ్గం గుంతలోకి దిగలేడు. కానీ పొద్దున పూట మగ్గం పక్కన కూర్చుని పోగులు చూస్తుంటాడు. నా ముఖం చూసి ఏమప్పా, ఒంట్లో బాగలేదా అన్నాడు. విషయమంతా చెప్పాను. చెప్పానంటే లాయరు చెప్పినట్టుగా చెప్పాను. మూడు నోటీసులు, తిరిగొచ్చిన కవర్లు, రూలు, రుజువు చేసుకునే భారం. ఆయన చాలాసేపు విన్నాడు. వాళ్ల కాలంలో మగ్గాలు పెట్టించిన ఆసామి దగ్గర నేసేవాడు రెండు రోజులు మగ్గానికి రాకపోతే, ఆసామే సాయంత్రం వాడి ఇంటికి పోయి చూసొచ్చేవాడట. జ్వరమా, తాగుడా, పెళ్లాంతో గొడవా అని. ఆసాములేమీ దేవుళ్లు కారు, తిట్టేవాళ్లు కూడా. కానీ పోయి చూసేవాళ్లు.

అప్పుడున్న మగ్గాలు పదో పన్నెండో, మాకు వందల మంది నాయనా, ఇంటింటికీ పోవడం కుదురుతుందా అని నేను విసుక్కున్నాను.

"వందలమంది సంగతి నాకేమిటికిరా. ఆ పాప యాడుండాదో నీకు తెల్సా, తెలీదా?"

"తెలుసు."

"ఇంగ సుమ్నే ఉండు. దానికి చట్టమేమిటికి?"

మరి ఆయన చెప్పినట్టు ఊరికే ఉండకుండా నేను లేచి బయటికి వచ్చి ఫోను తీశాను. గ్రూపులో ఎవరినైనా అడుగుదామని. గురువుగారు శిష్యుల్ని అడగడం నామోషీయే, అందుకని మా బావమరిది కంపెనీలో ఇట్లా జరిగింది అని కథ కట్టి టైపు చేయడం మొదలుపెట్టాను. ఇంతకు ముందు ఎవరైనా అడిగారేమో చూద్దామని 'కాన్పు' అని వెతికాను. ఒకటే దొరికింది. కొన్ని నెలల కిందట ఒకాయన అడిగాడు: సెలవు కాగితం ఇవ్వకుండా కాన్పుకు పోయిన ఆపరేటరును తీసేయొచ్చా? కింద జవాబు. ఒకటి, తీయకూడదు. రెండు, ముందుగా కాగితం ఇవ్వకపోయినా కాన్పు తర్వాత ఇచ్చినా చెల్లుతుంది. మూడు, ఆమె గర్భవతి అని మీకు ఏ రకంగా తెలిసినా తెలిసినట్టే, కాగితం లేదనే సాకు పెట్టుకుని నవ్వులపాలు కావద్దు. జవాబు రాసింది నేనే. కింద పద్నాలుగు మంది చేతులు జోడించారు.

తేదీ చూశాను. ఆమెకు రెండో నోటీసు పోయిన వారం. థూ నా బతుకు అనుకున్నాను. పైకే అన్నానేమో, లోపల్నుంచి మా నాయన ఏమప్పా అన్నాడు.

ఇంత తెలిసినాక పెనుకొండ పోయి నిజం చెప్పి ఉంటానని మీరనుకుంటే, నా మీద మీకు ఉన్నంత గౌరవం నాకు లేదు. నేను లావుపాటి ఫైలు కట్టుకుని, తిరిగొచ్చిన మూడు కవర్లకు మూడు రంగుల చీటీలు అంటించుకుని పోయాను. హిందూపురం బస్సు దిగి ఆఫీసు దాకా నడిచేటప్పుడు కూడా రాతపూర్వకంగా అనే మాటే వల్లించుకుంటున్నాను.

ఆఫీసు చిన్నది. ఒక బల్ల, బీరువాలు, ఒక ఫ్యాను. అధికారి రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఆమె ముందే వచ్చి బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన వాళ్లమ్మ, ఒళ్లో నిద్రపోతున్న బిడ్డ. నన్ను చూసి ఆమె లేచి నిలబడింది. అలవాటు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అధికారి అర్జీ చదివి, నా ఫైలు తిరగేసి, కళ్లద్దాలు పైకి నెట్టి నన్ను ఒకటే అడిగాడు. ఈమె గర్భవతి అని మీకు తెలుసా?

రాతపూర్వకంగా ఎటువంటి సమాచారం లేదు సార్ అన్నాను.

నేను రాత సంగతి అడగలేదే అన్నాడు. నేను మళ్లీ అదే మాట అన్నాను. ఆయన ఏదో రాసుకుని ఆమె వైపు తిరిగాడు. నువ్వు చెప్పినదానికి సాక్షులున్నారా అమ్మా అని అడిగాడు. లైనులో వాళ్లు వస్తామన్నారు, కానీ సెలవు ఇయ్యల్యా సార్ అంది. ఆ సెలవులు ఇవ్వాల్సినవాణ్ణి నేనే. సరుకు పంపే తేదీ దగ్గర పడిందని నలుగురి దరఖాస్తులూ ముందు రోజే తిరగ్గొట్టాను. నిజంగానే తేదీ దగ్గర పడింది, అది అబద్ధం కాదు. నిజాలు కూడా నాకు ఎంత బాగా పనికొస్తాయో చూడండి.

మరి ఇంకేదైనా రుజువు ఉందా అని అధికారి అడిగాడు. ఆమె సంచిలోంచి ఫోను తీసింది. నాకు ఆ ఫోటో గుర్తొచ్చింది. కుడి చేతిలో ఓళిగ, ఎడమ చెయ్యి గాల్లో. నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె ఫోను తెరవలేదు. రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"ఫోటో ఉండాది సార్. మీరు చూపీమంటే చూపిస్తా. కానీ అది నా శ్రీమంతం ఫోటో. ఎనిమిదేండ్లకు పుట్టిన బిడ్డ. ఆ పొద్దు నా నెత్తిన అచ్చింతలేసినోళ్లందరినీ దినామూ తలుచుకుంటాండా, ఈ సారును కూడా. ఆ ఫోటో పెట్టి ఈయన్ను అబద్ధాలోణ్ణి చేసేది నాకిష్టం లేదు. ఈయన్నే ఇంగోసారి అడగండి."

అధికారి నన్ను అడగలేదు, ఊరికే చూశాడు. ఆమె నా వైపు చూడలేదు. కావాలంటే ఇంకా ఆ మాటే పట్టుకుని ఉండొచ్చు. లాయరు చెప్పినట్టు అది గట్టి పాయింటే. కానీ నాకు సిగ్గు వేసింది. ముఖంలోంచి ఆవిరి వచ్చేంత సిగ్గు. నా కంటే పదిహేనేళ్లు చిన్నది, కాలర్లు కుట్టే మనిషి, తన ఉద్యోగం పోతుందని తెలిసి కూడా నా పరువు కాపాడుతూ నిలబడింది. నేను ఆమె బతుకు తీసేసి నా పరువు కాపాడుకుంటున్నాను.

"తెలుసు సార్," అన్నాను. "నేనే అక్షింతలు వేశాను. తప్పు నాది."

అధికారి ఫైలు మూసి నా వైపు నెట్టాడు. "ఈ మాటకు ఇంత లావు ఫైలు ఏమిటికప్పా?" అన్నాడు.

సెలవు జీతంతో సహా, సర్వీసు తెగకుండా పాత పనిలోకి తీసుకుంటామని అక్కడే రాసి సంతకం చేశాను. ఆ రోజు నేను చదివి సంతకం పెట్టాను. వాళ్లమ్మ నాకు దండం పెట్టింది. వద్దమ్మా అన్నాను.

హెడ్డాఫీసు ఊరుకుంటుందా? వారంలోగా నాకే మెమో. కంపెనీకి నష్టం కలిగించే విధంగా ఎదుటి పక్షానికి అనుకూలంగా మాట్లాడినందుకు మీపై ఎందుకు క్రమశిక్షణ చర్య తీసుకోకూడదో ఏడు రోజుల్లో తెలపండి. నమూనా నేను తయారు చేసిందే, పేరు ఒక్కటే కొత్తది. సంజాయిషీ రాయడానికి కూర్చుంటే తెలిసింది, ఆ ఉత్తరానికి మనిషి ఏమి జవాబు రాసినా సరిపోదని. ఏ జవాబూ సరిపోకుండా ఉండేట్టే నేను దాన్ని రాశాను కదా. చివరికి ఒక హెచ్చరిక లేఖతో వదిలేశారు. ప్రమోషను ఇంకొకాయనకు పోయింది. మా నాయనకు చెబితే, పోనీలే, ఇంగ సెలవులు రాసుకునేదన్నా సరిగ్గా రాసుకో అన్నాడు.

ఆమె మళ్లీ కాలర్ మిషను దగ్గర కూర్చుంది. లైనువాళ్లు నాతో మర్యాదగానే ఉన్నారు. నేను వెళితే నమస్తే సార్ అంటారు. గొప్పగా చెప్పుకోవడానికి అంతకన్నా ఏం కావాలి, తప్పు ఒప్పుకున్నాను, ఆమె ఉద్యోగం ఆమెకు దక్కింది, కథ సుఖాంతం అని రైల్లో చెప్పుకోవచ్చు కూడా అనుకున్నాను. రెండుసార్లు చెప్పుకున్నాను.

చేరిన పదిహేను రోజులకేమో ఆమె నా గదికి వచ్చింది. చేతిలో రెండు కాగితాలు. బిడ్డకు టీకా వేయించాలి, ఒక్క పూట సెలవు కావాలని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. రెండూ ఒకటే. ఒకటి ఆఫీసుకు, రెండోది తన దగ్గర ఉంచుకోవడానికి. దాని మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేసి, సీలు కొట్టి ఇమ్మంది.

ఒక్క పూటకు ఇదంతా ఎందుకమ్మా, నోటితో చెబితే చాలదా, నేను లేనా అన్నాను.

"వద్దు సార్," అంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. "మీరు మంచోళ్లే. కాగితం ఉంటే నాకు ధైర్యంగా ఉంటాది."

నాకు ఏడుపొచ్చినంత పనయింది. సంతకం చేశాను. తేదీ వేశాను. సీలు కొట్టాను. ఆమె కాగితం అందుకుని నా ఎదురుగానే నిలబడి సంతకం, తేదీ ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకుంది. సీలులో ఒక పక్క అక్షరాలు పడలేదని కాగితం మళ్లీ బల్ల మీద పెట్టింది. ఇంకొకసారి కొట్టిచ్చాను.